టెక్ సందేహాలు: రాత్రి పన్నెండున్నర బస్సు ఏ తేదీది?

ప్రశ్న: సార్, మాది చిన్న ట్రావెల్స్ ఆఫీసు. బస్ టికెట్ల కోసం వాట్సాప్‌లో ఏఐ ఏజెంట్ పెట్టాం, మా ఏపీఐలని (మా బుకింగ్ సాఫ్ట్‌వేర్‌తో వేరే ప్రోగ్రాం మాట్లాడే దారులు) దానికి 6 టూల్స్‌గా, అంటే అది పిలిచి వాడుకునే పనిముట్లుగా ఇచ్చాం. విడిగా టెస్ట్ చేస్తే అన్నీ బానే పనిచేస్తున్నాయి. కానీ మొన్న ఒకాయన "క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కొస్తుంది" అని ఊరికే అడిగితే ఏకంగా టికెట్టే క్యాన్సిల్ చేసేసింది. తేదీలు కూడా అప్పుడప్పుడు ఒకరోజు అటూ ఇటూ పంపుతోంది. మోడల్ (ఏజెంట్ వెనకుండే ఏఐ) మార్చమంటారా? మా టూల్స్ లిస్టు కూడా పంపుతున్నా.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మోడల్ సంగతి తర్వాత, ముందు మీరు పంపిన లిస్టు మీరే ఒకసారి చదవండి, మీ కోడ్ ఎప్పుడూ చూడని మనిషిలాగా. క్యాన్సిల్ టూల్‌కి మీరు రాసిన డిస్క్రిప్షన్ మొత్తం ఇంతే: "టికెట్ క్యాన్సిలేషన్, రీఫండ్ వివరాలు". రీఫండ్ ఎంతని అడిగితే అది ఈ టూల్ కాక ఇంకేం పిలుస్తుంది చెప్పండి? మీరు రాసింది నమ్మింది, పాపం.

మోడల్‌కి మీ కోడ్ కనపడదు. కనపడేది టూల్ పేరు, డిస్క్రిప్షన్, పారామీటర్ల స్కీమా (టూల్‌కి ఏయే వివరాలు ఏ రూపంలో పంపాలో చెప్పే పట్టిక), అంతే. 2023 జూన్‌లో చాట్‌జీపీటీ చేసిన ఓపెన్ఏఐ ఫంక్షన్ కాలింగ్ (మోడల్ ఇలా టూల్స్‌ని పిలిచే పద్ధతి) తెచ్చినప్పుడూ ఇదే కథ, 2024 నవంబర్‌లో క్లాడ్ చేసిన ఆంత్రోపిక్ ఎంసీపీ (టూల్స్‌ని ఏఐకి కలిపే ఉమ్మడి పద్ధతి) తెచ్చాకా ఇదే కథ. డెవలపర్‌కి అర్థం కాకపోతే పక్క సీట్లో వాణ్ణి అడుగుతాడు, లేదంటే టెస్ట్ సర్వర్ మీద కొట్టి చూస్తాడు, ఏజెంట్ చాలాసార్లు ఆగి అడగదు, తనకి తోచింది అనుకుని పిలిచేస్తుంది. ఒక్కో టూల్‌కి కనీసం 3, 4 వాక్యాలైనా రాయమని ఆంత్రోపిక్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, మీ ఆరింటిలో ఒక్కదానికీ అంత లేదు.

నేనైతే ఈ టూల్‌ని రెండు చేస్తా, రీఫండ్ లెక్క చెప్పేది ఒకటి, నిజంగా క్యాన్సిల్ చేసేది ఇంకోటి. రెండోదానికి ఇలా రాస్తా: "టికెట్‌ని నిజంగా రద్దు చేస్తుంది, మళ్ళీ వెనక్కి తేలేం. రీఫండ్ ఎంతో తెలుసుకోవడానికి దీన్ని వాడొద్దు, దానికి రీఫండ్ లెక్క టూల్ ఉంది. ఎంత వెనక్కొస్తుందో కస్టమర్‌కి చెప్పి, ఆయన సరే అన్నాకే పిలవాలి." ఎప్పుడు వాడకూడదో రాయడం చాలామందికి అలవాటే లేదు, నా అనుభవంలో సగం గొడవలు అక్కడే తీరతాయి. అయితే డబ్బుల వ్యవహారం కాబట్టి ఈ వాక్యాల మీదే భారం వేయకండి, కన్ఫర్మ్ చేయకుండా క్యాన్సిల్ అవ్వకుండా కోడ్‌లో కూడా గట్టిగా అడ్డం పెట్టండి.

ఇక తేదీ. స్కీమాలో "జర్నీ డేట్: స్ట్రింగ్" అని, అంటే ఏ అక్షరాలు పంపినా సరేనన్నట్టు వదిలేశారు. 05/06 అంటే జూన్ 5 అనుకుంటాం మనం, అమెరికా వాళ్ళకైతే అది మే 6, అందుకే 2025-06-05 లాగా సంవత్సరం ముందు రాసే పద్ధతి అని ఉదాహరణతో సహా ఇవ్వండి. కానీ మీ అసలు తిప్పలు అది కాదనుకుంటా. మియాపూర్‌లో ఆదివారం రాత్రి 11:15కి బయల్దేరే బస్సు ఎల్బీ నగర్ వచ్చేసరికి 12:30 అవుతుంది, అక్కడ ఎక్కేవాళ్ళు "ఆదివారం నైట్ బస్సు" అనే అంటారు, క్యాలెండర్‌లో మాత్రం అప్పటికే సోమవారం. మీ ఏపీఐలో జర్నీ డేట్ అంటే బస్సు మొదటి స్టాప్‌లో బయల్దేరే తేదీనా, మనిషి ఎక్కే తేదీనా? మీ బుకింగ్ కౌంటర్‌లో కూర్చునే కుర్రాడికి ఇది నిద్రలో లేపి అడిగినా తెలుసు, డిస్క్రిప్షన్‌లో మాత్రం లేదు. ఆ కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రాయండి, నిజంగానే చెప్తున్నా.

అమౌంట్ కూడా అంతే, రూపాయలా పైసలా రాయండి. పేమెంట్ గేట్‌వేల్లో పైసల్లో తీసుకునేవి ఉన్నాయి, 500 అని పంపితే 5 రూపాయలే వెనక్కెళ్తాయి.

ఎర్రర్లు కూడా ఏజెంట్ చదువుతుంది. "400, ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" అని వస్తే అదే తప్పు మళ్ళీ మళ్ళీ పంపుతుంది, "ఎల్బీ నగర్ ఊరు కాదు, బోర్డింగ్ పాయింట్. ఊరు దగ్గర హైదరాబాద్ అని పంపండి" అని వస్తే సర్దుకుంటుంది.

ప్రశ్న: మా కస్టమర్లంతా తెలుగులోనే అడుగుతారు. టూల్ డిస్క్రిప్షన్లు కూడా తెలుగులో రాయాలా? మొత్తం 45 టూల్స్ ఉన్నాయి.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అక్కర్లేదండీ, ఇంగ్లీషులో రాసినా తెలుగు ప్రశ్నకి సరైన టూల్ దొరుకుతుంది. పైగా తెలుగుకి సాధారణంగా టోకెన్లు (మోడల్ మాటల్ని విడగొట్టి లెక్కపెట్టే ముక్కలు) ఎక్కువ పడతాయి, ఈ డిస్క్రిప్షన్లేమో ప్రతిసారీ మోడల్‌కి వెళ్తాయి, బిల్లు మీకే. మనవాళ్ళ మాటలు ఏవైనా తికమక పెడుతుంటే వాటిని మాత్రం తెలుగులోనే చేర్చండి. "ఎల్లుండి" లాంటివాటికి ఇవాళ్టి తేదీ కూడా ఇవ్వాలి, లేకపోతే దేన్నుంచి లెక్కపెడుతుంది? 45 మాత్రం ఎక్కువ. ఒకసారికి 20 లోపు పెట్టుకోమని ఓపెన్ఏఐ గైడ్‌లో ఉంది, ఖచ్చితమైన రూలేం కాదనుకోండి. ముందు పోయిన నెల వచ్చిన ఒక 30 అసలు మెసేజ్‌లు తీసి, పేర్లూ నంబర్లూ చెరిపేసి, ఏ మెసేజ్‌కి ఏ టూల్ పిలుస్తోందో రాసుకోండి. ఒకదాని బదులు ఇంకోటి పిలిచే జంటలు కనపడతాయి, వాటిని కలిపేయడమో పేర్లు మార్చడమో చేసి, అవే 30 మళ్ళీ నడిపి చూడండి.