ద్రాక్షతోట కథ రాసిన అమ్మాయికి

శ్రీకాకుళం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది, చదివాను. సోంపేట అమ్మాయి పెళ్లయి న్యూయార్క్ రాష్ట్రం వెళ్లడం, భర్త ల్యాప్‌టాప్‌కి అతుక్కుపోతే తను ఊరి మీద బెంగతో సెనెకా సరస్సు ఒడ్డున ఓ ద్రాక్షతోటలో పనికి కుదరడం, వసంతకాలంలో గుత్తులు కోస్తూ అమ్మని తలుచుకోవడం. వాక్యం నీకు బాగానే పడుతుంది. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను, కథ నిలబడలేదు. వసంతంలో ఆ తీగలకి గుత్తులుండవమ్మా. అక్కడ కోతలు సెప్టెంబర్, అక్టోబర్‌లలో. నువ్వు వైశాఖంలో సంక్రాంతి ముగ్గులు వేయించావు.

మా అమ్మాయి రోచెస్టర్‌లో ఉంటుంది. తన దగ్గరికి వెళ్లినప్పుడు ఏప్రిల్ నెలాఖర్లో ఆ తోటలు చూశాను. పచ్చదనం కోసం వెళ్లినవాడికి నిరాశే. కొండవాలు పొడుగునా గుంజలు, వాటి మధ్య లాగి కట్టిన వైర్లు, వైర్లని పట్టుకుని ఎండిపోయినట్టున్న కొమ్మలు. చలికాలంలో కత్తిరించిన చోటు నుంచి మాత్రం నీళ్లు బొట్టుబొట్టుగా కారుతుంటాయి. నేల వెచ్చబడి వేళ్లు నీరు తోడుకోవడం మొదలైందన్నమాట. మనుషులు వరసల్లో వంగి, ఉంచిన కొమ్మల్ని వైర్లకి కడుతుంటారు. అంటు కట్టిన చోటు చలికి చావకుండా మొదళ్ల చుట్టూ ఎగదోసిన మట్టిని ఈ రోజుల్లోనే మళ్లీ తీస్తారు. మొగ్గ పగిలేది మే మొదట్లో. పూత జూన్‌లో, అదీ ఆకుపచ్చగా, సన్నగా, ముక్కు దగ్గర పెట్టుకుంటే తప్ప కనపడనంత. నీ ‘రంగురంగుల ద్రాక్షపూలు’ కొట్టెయ్. కోయిలని కూడా. మన కోయిల అక్కడ లేదు. భుజాల మీద ఎర్రమచ్చలున్న నల్లపిట్టలు నీటి ఒడ్డున గోల చేస్తుంటాయి, కావాలంటే వాటిని వాడుకో.

గుత్తులు కోసే సీను వదులుకోలేనంటావా, అయితే కథని నాసిక్‌కి మార్చెయ్. గంగాపూర్ డ్యామ్ పక్కన కూడా ద్రాక్షతోటలు, వైన్ తయారుచేసే వైనరీలు ఉన్నాయి. అక్కడ అక్టోబర్ ప్రాంతంలో కొమ్మలు కత్తిరించి, జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు. నేనైతే అమెరికాలోనే ఉంచుతాను. ఎందుకో చెబుతాను.

నీ కథలో సరస్సు మెరవడం తప్ప ఏ పనీ చెయ్యదు. నిజానికి ఆ తోటలు అక్కడ బతుకుతున్నది సరస్సు పుణ్యాన. సెనెకా లోతు సుమారు 188 మీటర్లు. అంత నీరు చలికాలంలో గడ్డకట్టడం చాలా అరుదు. వసంతంలో గాలి వేడెక్కినా నీరు తొందరగా వేడెక్కదు, ఆ చల్లదనం ఒడ్డునున్న మొగ్గల్ని ముందే పగలనివ్వదు. మొగ్గ ఎంత ఆలస్యమైతే రైతుకి అంత ధైర్యం. ఎందుకంటే పగిలాక ఒక్క రాత్రి ఉష్ణోగ్రత సున్నాకి రెండు మూడు డిగ్రీలు కిందికి దిగితే చాలు, లేత చిగురు మాడిపోతుంది. 2023 మే 18 తెల్లవారుజామున ఆ ప్రాంతంలో ఎన్నో తోటలకి అదే గతి పట్టింది. మబ్బు లేకుండా, గాలి కదలకుండా, చుక్కలు దగ్గరగా కనిపించే రాత్రిని చూసి నువ్వు వెన్నెల వర్ణన మొదలుపెట్టావు. తోట యజమాని ఆ ఆకాశాన్ని చూసి వణికిపోతాడు. చల్లగాలి బరువుకి పల్లానికి దిగి నిలిచిపోతుంది. పైనున్న వెచ్చటి గాలిని కిందికి తోయడానికి పొడుగాటి స్తంభాల మీద పెద్ద ఫ్యాన్లు తిప్పుతారు. ఆ చప్పుడు వరసల మీదుగా రాత్రంతా వినిపిస్తుంది. ఎవరికీ నిద్ర ఉండదు.

నీ కథ ఆ రాత్రిలో ఉందని నా నమ్మకం. నువ్వు కొబ్బరి, జీడితోటల ఉద్దానం పిల్లవి. తిత్లీ తుపాను 2018 అక్టోబర్ 11న తెల్లవారుజామున మీ దగ్గర తీరం దాటినప్పుడు స్కూల్లో చదువుతూ ఉండి ఉంటావు. ఆ రాత్రి మీ ఇంట్లో ఎవరు ఏ మూల కూర్చున్నారో, ఎవరు మాట్లాడారో, ఎవరు నోరు విప్పలేదో, తెల్లారాక మీ నాన్నగారు ముందు కొబ్బరితోటకి పరిగెత్తారో జీడితోటకో నీకు తెలుసు. నాకు తెలీదు, ఏ పుస్తకంలోనూ దొరకదు. ఆ జ్ఞాపకాన్ని నీ కథలో అమ్మాయికిచ్చి ఆ చలిలో నిలబెట్టు. యజమాని ఊరికే అటూ ఇటూ తిరుగుతూ థర్మామీటర్ చూసుకుంటుంటే ఆమె ఒక్కతే అర్థం చేసుకోగలదు.

ఇంకొంచెం ముందుకెళ్లు. ద్రాక్ష మొగ్గలో అసలు మొగ్గ వెనక ఇంకో రెండు చిన్న మొగ్గలు దాగి ఉంటాయి. మొదటిది మాడితే రెండోది చిగురేస్తుంది. ఆ ఏడు కాపు తగ్గుతుంది కానీ తీగ బతుకుతుంది. కూలిన కొబ్బరిచెట్టుకి ఆ అదృష్టం లేదు. మొక్క నాటి కాపు కోసం ఏళ్ల తరబడి కూర్చోవాలి. పొద్దున్నే యజమాని తల పట్టుకుంటే నీ కథలో అమ్మాయికి లోపల ‘నీకు పోయింది ఒక్క ఏడాదే కదా’ అని కసిగా అనిపించాలి. అనిపించిన వెంటనే ఆమెని సిగ్గుపడేలా చెయ్యకు. నీ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే, నీ కథల్లో అందరూ మరీ మంచివాళ్లు.

అమ్మకి ఫోన్ చేసే సీను ఉంచు, టైము మార్చు. అక్కడ మే నెలలో తెల్లవారుజామున 4 గంటలంటే ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. కూతురు వేళ్లు కొంకర్లు పోయి ఫోన్ పట్టుకోలేకపోతుంటే తల్లి ఎండకి చీరకొంగుతో విసురుకుంటూ, పలాసలో 80 కిలోల జీడిపిక్కల బస్తాకి ఈసారి ఏమిస్తున్నారో చెప్పి తిట్టిపోస్తుంటుంది. అలాంటప్పుడు ‘నువ్వు గుర్తొస్తున్నావమ్మా’ అని కూతురి చేత అనిపించకు. ‘బోయినమైందా’ అని అడిగితే చాలు.

వైన్ గురించి నువ్వు రాసిన రెండు పేజీల ఉపన్యాసం తీసెయ్. తాటిచెట్ల మధ్య పుట్టినవాళ్లం, పొద్దున దించిన కల్లు తియ్యగా ఉండి మధ్యాహ్నానికి ఎలా పులుస్తుందో, కుండకి సున్నం పూస్తే ఎందుకు పులవదో చూస్తూ పెరిగాం. ఆ కళ్లతోనే నీ కథలో అమ్మాయిని వైనరీ లోపలికి పంపు. వసంతంలో అక్కడ ద్రాక్ష తొక్కడాలేమీ ఉండవు. కిందటేడు పట్టిన వైట్ వైన్ని సీసాల్లోకి ఎక్కిస్తుంటారు, పీపాల్లో ఆవిరై తగ్గినంత మేర మళ్లీ నింపుతుంటారు. మిగతాదంతా కడగడమే. ట్యాంకులు, పైపులు, నేల, ఎప్పుడు చూసినా తడే. రుచి చూసేవాళ్లు పుక్కిలించి ఉమ్మేస్తారు, మింగరు. అది చూసి ఆమె ఏమనుకుంటుందో రాస్తే నీ ఉపన్యాసం కన్నా బాగుంటుంది.

యజమానిని ఉత్త తెల్లదొరని చేసి వదిలేశావు. ఆ సరస్సుల చరిత్ర కాస్త చదువు. కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ అని ఉక్రెయిన్ నుంచి 1951లో వలస వచ్చిన శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. యూరప్ ద్రాక్ష ఆ చలికి బతకదని అక్కడి వాళ్లంటే, అంతకన్నా చలిలో పెంచినవాడు కాబట్టి ఒప్పుకోలేదు. అంటు కట్టడానికి సరైన మొదళ్లు ఎంచుకుని, 1962లో పక్కనే ఉన్న కియూకా సరస్సు ఒడ్డున సొంత వైనరీ పెట్టాడు. అతన్ని కథలో పెట్టమనడం లేదు. నీ యజమానికి కూడా వలస వచ్చిన తాత ఒకడు ఉండొచ్చు కదా అంటున్నాను.

చిన్న సంగతి ఒకటి. డిపెండెంట్ వీసా మీద వెళ్లిన అమ్మాయికి వర్క్ పర్మిట్ లేకుండా జీతానికి పని దొరకదు. అమెరికా పాఠకులు ముందు దాన్నే పట్టుకుంటారు. తోట పక్కింటి ముసలాయనదని పెట్టు, ఆ రాత్రి సాయం కోసం తలుపు కొట్టాడని పెట్టు. టైటిల్లోంచి ‘వసంతం’ తీసెయ్.

శ్రీకాకుళం వచ్చినప్పుడు ఇక్కడి కథల లైబ్రరీ కథానిలయంలో ఒక పూట కూర్చుని వలస కథలు చదువు, నీకన్నా ముందు రాసినవాళ్లు ఎక్కడ ఆగిపోయారో తెలుస్తుంది. తిరగరాశాక ప్రింట్ తీసి పంపు, ఫోన్లో చదవడం నా వల్ల కావడం లేదు. అక్షరాలు పెద్దవి పెట్టు.

ఇట్లు,
మాస్టారు