అంతరించిన చిలుక మీద కొత్త మైట్లు ఎలా దొరికాయి?

1918లో పోయిన చిలుక ఈకల్లో 2005లో కొత్త జాతులు ఎలా కనిపెట్టారని అడిగారు.

ఇది ఉత్తర అమెరికా కరోలినా చిలుక సంగతి. బోనులో మిగిలిన చివరి పక్షి సిన్సినాటి జూలో చనిపోయింది. కానీ మ్యూజియంలలో దాచిన చర్మాల మీద, ఈకల సందుల్లో, మైట్లు ఎండిపోయి అలాగే అతుక్కుని ఉన్నాయి. ఇవి సాలీళ్లకు చుట్టాలు, అర మిల్లీమీటరు కూడా ఉండనివే ఎక్కువ. వాటిని జాగ్రత్తగా తీసి, గాజు పలక మీద అమర్చి మైక్రోస్కోపులో చూస్తారు. ఒంటి మీది నూగు అమరిక, కాళ్లు, ముఖ్యంగా మగదాని వెనుక భాగం ఆకారం చూసి జాతిని తేలుస్తారు. అలా తేలినవి ఆరు కొత్త జాతులు!

ఈక మైట్లు రక్తం తాగవు, ఈకల మీది నూనె, బూజు తింటాయి. చాలా జాతులు ఒకే రకం పక్షినో, దాని దగ్గరి బంధువులనో అంటిపెట్టుకుని బతుకుతాయి. అందుకే చిలుకతోపాటు ఇవీ పోయి ఉండవచ్చు, పేరు పెట్టకముందే. నాకు అదే బాధ.