తాతయ్య నోటికి మాట ఎందుకు అతకడం లేదు?

ప్రశ్న: మాది అనంతపురం. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం తాత, మనవరాలు మాట్లాడుకునే 90 సెకన్ల టూడీ యానిమేషన్ మొదలుపెట్టాను. తాత ముఖం ఒక్కో షాట్‌లో ఒక్కో రకంగా వస్తోంది. ఇంటర్నెట్‌లో దొరికిన నోటి ఆకారాల చార్టు వాడినా పెదవులు మాటతో కలవడం లేదు. రెండు నెలల గడువే ఉంది. దీనితో ఉద్యోగం వస్తుందా అని మా నాన్నగారు అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా లెక్క చూసుకోండి. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున, ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు, 90 సెకన్లకు 1,080 బొమ్మలు గీయాలి. చదువుతో పాటు రెండు నెలల్లో ఒక్కరే చేయగలిగిన పని కాదిది. నిడివిని 40 సెకన్లకు తగ్గించి, అందులో సంభాషణ 15 సెకన్లు దాటకుండా చూసుకోండి.

తాత ముఖం మారిపోతున్నదంటే మోడల్ షీట్ (పాత్రను అన్ని వైపుల నుంచీ ఒకే కొలతలతో చూపే నమూనా) లేకుండానే షాట్లలోకి దిగారని అర్థమవుతోంది. తల ఎత్తును కొలతగా పెట్టుకొని, పాత్ర మొత్తం ఎన్ని తలల ఎత్తు ఉండాలో నిర్ణయించి, ముందు, ముప్పావు (కొంచెం పక్కకు తిరిగినట్టు), పక్క, వెనుక వైపులను ఒకే వరుసలో గీయండి. కనుబొమలు, ముక్కు కొస, గడ్డం, నడుము అన్నింటిలోనూ ఒకే అడ్డగీతల మీద ఉండాలి. అయితే ఈ షీటుకు ముందే రఫ్ స్కెచ్‌లు కావాలి. గడియార స్తంభం దగ్గరో, ఆర్టీసీ బస్టాండు బల్లల మీదో కూర్చునే పెద్దవాళ్లను చూస్తూ ఒక్కొక్కటి అర నిమిషానికి మించకుండా కనీసం యాభై స్కెచ్‌లు వేయండి. ముఖాలు వదిలేసి, కర్ర మీద చెయ్యి ఎలా ఆనుతుందో, లేచేటప్పుడు బరువు ముందుగా ఏ మోకాలి మీద పడుతుందో గమనించండి. నచ్చిన భంగిమను పూర్తిగా నల్లరంగుతో నింపినప్పుడు కూడా అది తాతే అని తెలియకపోతే ఆ డిజైన్‌ను పక్కన పెట్టండి.

ఈ విషయంలో మీ పొరుగునే ఒక పాఠశాల ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ ఆటలో ఎక్కువ బొమ్మలకు నోరు కదలదు. అయినా తెర మీద ఏ బొమ్మ మాట్లాడుతున్నదో మనకు తెలిసిపోతుంది, ఎందుకంటే మాట్లాడే బొమ్మ తల, చెయ్యి మాట ఊపుకు తగ్గట్టు కదులుతాయి. మీరు కూడా మొదట నోరు లేకుండానే తాత తల, భుజాలు, కనుబొమలు కదిలించి చూడండి. అక్కడ మాట పలికితేనే పెదవుల దగ్గరకు రండి.

ఇక పెదవుల సంగతి. మీరు దించుకున్న చార్టు బహుశా ఇంగ్లీషు ధ్వనులకు తయారైనది. అలాంటి చార్టుల్లో నాలుకను పళ్ల మధ్య చూపే ఆకారం ఒకటి ఉంటుంది, తెలుగు మాటకు దాని అవసరం చాలా తక్కువ. తెలుగుకు నిజంగా కావలసింది ద్విత్వాక్షరాల లెక్క, అది ఆ చార్టులో ఉండదు. మీ ఊరి మాటే తీసుకోండి: “ఏమప్పా, యాడికి పోతాండావు?” ఇందులో ‘మ’ దగ్గర పెదవులు ఒకసారి మూసుకుంటాయి, ‘ప్పా’ దగ్గర మళ్లీ మూసుకొని అంతకంటే ఎక్కువ సేపు అలాగే ఉండి, ఒక్కసారిగా ‘ఆ’కు తెరుచుకుంటాయి. ‘మ’కు రెండు ఫ్రేములు ఇస్తే ‘ప్ప’కు సుమారు నాలుగు ఇవ్వాలి. రెంటికీ సమానంగా ఇస్తే చూసేవారికి అది ‘ఏమపా’ అన్నట్టు ఉంటుంది. మీ చిత్రంలో తేడా వస్తున్నది ఇక్కడేనని నా అనుమానం.

అందుచేత గొంతు ముందుగా రికార్డు చేయండి. ఆ శబ్దాన్ని ఆడాసిటీ అనే ధ్వని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నెమ్మదిగా వింటూ, ఏ అక్షరం ఏ ఫ్రేములో మొదలవుతుందో ఎక్స్‌షీటులో (ఫ్రేముల వారీగా వివరాలు రాసుకునే పట్టికలో) రాసుకోండి. నోటి ఆకారాలు ఎనిమిదికి మించనక్కర లేదు. ప, బ, మలకు మూత, ఆ-కారానికి విశాలం, ఇ, ఎలకు సాగిన పెదవి, ఉ, ఒలకు గుండ్రని పెదవి, ఫ, వలకు కింది పెదవి పై పళ్లకు చేరువ, త, ద, న, లలకు కొద్దిగా తెరిచిన నోటిలో నాలుక కొస, వీటికి తోడు ఒక మధ్యస్థ ఆకారం, విశ్రాంతి ఆకారం చాలు. క, గ, ట, డల కోసం వేరే బొమ్మ గీయవద్దు, వాటి పక్కనున్న అచ్చునే చూపించండి. ప్రతి ఆకారమూ శబ్దం కన్నా ఒకటి రెండు ఫ్రేములు ముందే వస్తే కంటికి సహజంగా ఉంటుంది. తాతకు గుబురు మీసం పెడితే పై పెదవి పని సగం తగ్గుతుంది. ఇది మోసమేమీ కాదు, అనుభవజ్ఞులూ చేసేదే. క్రిటా, ఓపెన్‌టూంజ్, బ్లెండర్ ఉచితంగానే దొరుకుతాయి కనుక సాఫ్ట్‌వేర్ కోసం డబ్బు ఖర్చు చేయకండి.

మీ నాన్నగారి ప్రశ్న సహేతుకమైనది. యానిమేషన్ స్టూడియోలు సర్టిఫికెట్ కన్నా షోరీల్‌నే (మీ మంచి పనులను కూర్చిన చిన్న వీడియోనే) ముఖ్యంగా చూస్తాయి కాబట్టి ఈ చిత్రంలోని అతి మంచి పది సెకన్ల సంభాషణను రీల్‌లో మొదట పెట్టి, ఆ వెంటనే మోడల్ షీటును, బస్టాండు స్కెచ్‌లను చూపించండి. జిల్లాలో అవకాశాలు తక్కువ, హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లవలసి రావచ్చని ఆయనతో ముందే మాట్లాడండి. పై చదువు ఆలోచన ఉంటే, ఐఐటీ బొంబాయి నిర్వహించే సీడ్ (డిజైన్ పీజీ కోర్సుల ప్రవేశ పరీక్ష)ను డిగ్రీ చివరి సంవత్సరం వారు కూడా రాయవచ్చు. ఆ సంస్థలోని డిజైన్ విభాగమైన ఐడీసీలో యానిమేషన్‌లో ఎం.డెస్ (మాస్టర్ ఆఫ్ డిజైన్) కోర్సు ఉంది. ఆ పరీక్షలో చేతితో బొమ్మ గీయవలసి ఉంటుంది కనుక ఈ రెండు నెలల స్కెచ్‌బుక్‌ను పారేయకుండా తేదీలు వేసి ఉంచుకోండి.