మెదడు వెలగలేదు తమ్ముడూ

తమ్ముడూ,

ఎల్ఎస్డీ లాంటి భ్రమలు పుట్టించే మందులు మెదడుని ఏం చేస్తాయో రాసిన నీ వ్యాసం పంపి పదకొండు రోజులైంది, వాట్సాప్‌లో బ్లూ టిక్కులు పడ్డాయి గానీ అక్క పలకట్లేదు అని లోపల తిట్టుకునే ఉంటావ్. తిట్టుకో, పర్లేదు. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను, అందుకే లేటు. ఫోన్లో చెప్తే ప్రతి మాటకీ "అది కాదక్కా" అని అడ్డం పడతావ్ కాబట్టి రాస్తున్నా.

ముందు నీ మొదటి లైను. "ఎల్ఎస్డీ నాలుక మీద పడగానే మెదడు దీపావళి రాత్రిలా వెలిగిపోతుంది." చదవడానికి బానే ఉంది, కానీ వెలగడం ఎవరు చూసారు? 2012లో లండన్ ఇంపీరియల్ కాలేజీ టీము, అదే కార్‌హార్ట్ హారిస్, డేవిడ్ నట్ వాళ్ళు, 30 మందికి సైలోసైబిన్ (మ్యాజిక్ మష్రూముల్లో ఉండే మందు, నీకు తెలుసు, పాఠకుడికి తెలీదు, నువ్వు ఎక్కడా చెప్పలేదు) నరంలోకి ఎక్కించి ఎఫ్ఎమ్మారై స్కాన్ తీసారు. రక్త ప్రవాహం ఎక్కడా పెరగలేదు, తగ్గింది. అది కూడా ఏదో మూల కాదు, థాలమస్, సింగ్యులేట్ లాంటి నాలుగు రోడ్ల కూడళ్ళలో. ఎవరికి ఎంత తగ్గితే వాళ్ళకి అనుభవం అంత గట్టిగా ఉంది. అంటే నీ దీపావళి లోపల మనిషికి కనిపిస్తోంది, మెషిన్‌కి కాదు. నీ వ్యాసానికి అసలు కథ ఇదే, నువ్వు దాన్ని మొదటి వాక్యంలోనే చంపేసావ్.

అలాగని "మెదడు ఆరిపోతుంది" అని తిప్పి రాసేస్తావేమో, అదీ వద్దు. 1990ల్లో జ్యూరిక్‌లో వోలెన్‌వైడర్ వాళ్ళు పెట్ స్కాన్ తీస్తే, అంటే గ్లూకోజ్ ఎంత వాడుకుంటోందో చూసే స్కాన్, మెదడు ముందు భాగంలో పెరిగింది. అక్కడ పెరిగింది ఇక్కడ తగ్గింది, ఎవరు అబద్ధం? ఎవరూ కాదు, ఒకరు గ్లూకోజ్ చూసారు ఒకరు రక్తం చూసారు, ఒకరు నోటి ద్వారా ఇచ్చారు ఒకరు నరంలోకి ఎక్కించారు. ఈ పేచీ నీ వ్యాసంలో ఉండాలి. పేచీ తీసేసి నున్నగా రాస్తే అది మందుల కంపెనీ కరపత్రంలా ఉంటుంది.

ఎఫ్ఎమ్మారై గురించి "ఆలోచనల్ని ఫొటో తీసే యంత్రం" అని రాసావ్, దాన్ని నేను మూడుసార్లు కొట్టేసాను. అది చూసేది రక్తంలో ఆక్సిజన్ మార్పుని. మా వీధిలో ఏ ఇంట్లో వంట జోరుగా సాగుతోందో గ్యాస్ బండి ఏ గుమ్మం ముందు ఎక్కువసార్లు ఆగిందో చూసి చెప్పడం లాంటిది, మామూలు రోజుల్లో ఈ లెక్క బాగానే కుదురుతుంది. కానీ సెరటోనిన్ అనే మెదడు రసాయనానికి రక్తనాళాల మీద కూడా పని ఉంది, ఈ మందులు పట్టుకునేది సెరటోనిన్ రిసెప్టర్లనే, అంటే అది అతుక్కునే చోట్లనే, అంటే మందు వంట చేసేవాళ్ళతో పాటు గ్యాస్ బండి డ్రైవర్‌కి కూడా ఎక్కి ఉండొచ్చు అన్నమాట. అప్పుడు బండి రాలేదంటే వంట ఆగినట్టా, డ్రైవర్ దారి తప్పినట్టా? అందుకే తర్వాత కార్‌హార్ట్ హారిస్ వాళ్ళు మెగ్ అనే ఇంకో మెషిన్ వాడారు, అది రక్తం జోలికి పోకుండా న్యూరాన్ల కరెంటు వల్ల పుట్టే సన్నటి అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటుంది. అందులో కూడా రిథమ్స్ బలం తగ్గింది, కళ్ళు మూసుకున్నప్పుడు బలంగా వచ్చే ఆల్ఫా తరంగాలతో సహా. రెండు వేరే మెషిన్లు ఒకే వైపు చూపిస్తే అప్పుడు కాస్త ధైర్యంగా రాయి.

రిసెప్టర్ దగ్గర నువ్వు తాళం, తాళంచెవి పోలిక పెట్టావ్. అది ఎనిమిదో క్లాసు టెక్స్ట్‌బుక్కులోంచి మనందరి మెదళ్ళలో ఇరుక్కుపోయింది, వదిలెయ్. దాని బదులు ప్రయోగం చెప్పు. 1998లో అదే వోలెన్‌వైడర్ టీము ముందుగా కెటాన్సెరిన్ అనే మందు ఇచ్చి, అది సెరటోనిన్ 2ఎ రిసెప్టర్లని మూసేస్తుంది, ఆ తర్వాత సైలోసైబిన్ ఇస్తే ఆ వింత అనుభవం రాలేదు. అంతే. "2ఎ రిసెప్టర్ కారణం" అని నువ్వు ఒక్క ముక్కలో తేల్చేసినదానికి సాక్ష్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో పాఠకుడికి తెలిస్తే ఇంక పోలిక అక్కర్లేదు.

ఇప్పుడు నా బండారం ఒకటి చెప్తా. రెండు గుండ్రాల బొమ్మ చూసుంటావ్, నువ్వు కూడా పెట్టావ్ కదా, ఎడమ పక్క గుండ్రంలో నాలుగు గీతలు, కుడి పక్క సైలోసైబిన్ గుండ్రంలో సాలెగూడులా బోలెడు గీతలు. 2014 పేపర్లోది అది. అది వచ్చిన కొత్తల్లో నేను ఒక పత్రికకి "మందు పడగానే మెదడులో కొత్త దారులు తెరుచుకుంటాయి, కొత్త తీగలు మొలుస్తాయి" అని పేజీన్నర రాసాను, ఎడిటర్‌కి తెగ నచ్చింది, బొమ్మ పెద్దదిగా వేసారు. వారం తిరక్కుండా ఒక రిటైర్డ్ న్యూరో డాక్టరు గారు ఫోన్ చేసి "ఏమ్మా, గంటలో తీగలు మొలుస్తాయా, అదేమన్నా కాకర పాదా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆ గీతలు నరాలు కావు తమ్ముడూ. ఏయే భాగాల సిగ్నల్స్ కలిసి ఎక్కుతున్నాయి దిగుతున్నాయి అని లెక్కేసి, ఆ లెక్కల మీద టోపాలజీ గణితం నడిపి, వచ్చినదాంట్లో బలమైన వాటిని గీసిన బొమ్మ అది. లెక్క తాలూకు బొమ్మ, మెదడు తాలూకు బొమ్మ కాదు. పేపర్ తెరవకుండా బొమ్మ ఒక్కటే చూసి రాసాను నేను. నువ్వూ అంతేనని నా అనుమానం, ఎందుకంటే నా తప్పే నీ నాలుగో పేరాలో దాదాపు అవే మాటల్లో ఉంది!

అసలు జరిగేది ఎలా చెప్పాలి అంటావా, కోలాటం గుర్తుచేసుకో. లోపలి వరస, బయటి వరస, ఎవరి కర్రలు ఎవరితో తగలాలో లెక్క ఉంటుంది. మామూలు మెదడులో నెట్‌వర్కులు, అంటే కలిసి పనిచేసే భాగాల గుంపులు, అలా వరసలు కట్టి ఆడతాయి. సైలోసైబిన్ పడితే కర్రలు ఆగవు, చేతులు ఆగవు, కానీ ఒకే వరసలో వాళ్ళ తాళం చెదిరిపోతుంది, లోపలి వరసవాడు పోయి బయటి వరసవాడితో కర్ర కలుపుతాడు. తాళం చెదరడం, వరసల మధ్య గీత చెరిగిపోవడం, ఈ రెండే చాలావరకు పేపర్లన్నిట్లో మళ్ళీ మళ్ళీ కనపడేవి. ఎక్కువగా చెదిరేది డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్. దీని పేరు నువ్వు ఆరుసార్లు వాడావ్, ఒక్కసారీ ఏంటో చెప్పలేదు. 2001లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ నుంచి మార్కస్ రైకిల్ వాళ్ళు ఆ మాట తెచ్చారు, పనేమీ లేనప్పుడు పనిచేసే మెదడు భాగాలు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నిన్న ఆఫీసులో ఆయన అన్న మాటకి ఇవాళ జవాబులు తయారుచేసుకుంటూ ఉంటాం చూడు, "నేను, నాది, నన్ను" అనే ఆ సీరియల్ నడిచేది అక్కడే అని చెప్తారు.

అదే యూనివర్సిటీ నుంచి 2024లో నేచర్ సైన్సు పత్రికలో వచ్చిన పేపర్ని నువ్వు రెండు లైన్లలో దాటేసావ్, నేనైతే సగం వ్యాసం దాని మీదే రాసేదాన్ని. వాళ్ళు తీసుకుంది ఏడుగురినే. ఆ ఏడు అంకెని దాచకు, ముందే చెప్పెయ్, కానీ ఒక్కొక్కళ్ళని దాదాపు 18 సార్లు స్కాన్ చేసారు అని కూడా చెప్పు, మందుకి ముందు, మందులో, మందు దిగాక వారాల తరబడి. పోలికకి ఉత్త చక్కెర మాత్ర కాకుండా మిథైల్ఫెనిడేట్ ఇచ్చారు, ఏడీహెచ్‌డీకి ఇచ్చే మాత్ర, గుండె దడ పెంచుతుంది కాబట్టి కనీసం ఏదో ఎక్కిందనిపిస్తుంది. సైలోసైబిన్‌తో నెట్‌వర్కుల్లో వచ్చిన మార్పు దానికంటే మూడు రెట్లు పైనే. నాకు బాగా పట్టుకున్న ముక్క ఏంటంటే, ప్రతి మనిషి మెదడు నెట్‌వర్కుల తీరు వేలిముద్రలా వేరే వేరే, స్కాన్ చూసి ఇది ఫలానా మనిషిది అని చెప్పొచ్చు, మందు ప్రభావంలో ఉన్నంతసేపు అలా గుర్తుపట్టలేకపోయారు. "నేను కరిగిపోయాను" అని వాళ్ళు నోటితో చెప్పేదానికి మెషిన్ వైపు నుంచి ఇంత దగ్గరగా వచ్చిన మాట ఇంకోటి నేను చూళ్ళేదు, అయినా రెండూ ఒకటే అని రాయకు, దగ్గరగా ఉన్నాయి అని మాత్రమే రాయి. మందు దిగాక దాదాపు అన్నీ మళ్ళీ మామూలైపోయాయి, జ్ఞాపకాలు చూసుకునే హిప్పోకాంపస్‌కి డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్‌కి మధ్య బంధం మాత్రం కొన్ని వారాలు పల్చగానే ఉంది. ఇంకో చిన్న విషయం, స్కానర్లో ఉన్నప్పుడు వాళ్ళకి బొమ్మా మాటా జత కలిపే తేలిక పని ఒకటి ఇస్తే ఆ చెదురు తగ్గింది. భయపడుతున్నవాడి భుజం మీద చెయ్యేసి ఏదో మాటల్లో పెడతాం కదా, అదేదో అలా ఉందనిపించింది నాకు.

"సమాధిలో యోగికి జరిగేదే ఇది" అనే పేరా మొత్తం తీసెయ్. ధ్యానం చేసేవాళ్ళలో కూడా ఆ నెట్‌వర్క్ తగ్గినట్టు 2011లో ఒక పేపర్ వచ్చింది, నిజమే, కానీ రెండు ఇళ్ళల్లో కరెంటు పోయిందంటే రెండింట్లో ఒకే వైరు కాలిందని కాదు కదా. అలాగే "ఉన్నత చైతన్యం" అనే మాట. 2017లో మెగ్ సిగ్నల్స్‌ని జిప్ ఫైల్ నొక్కినట్టు నొక్కి చూస్తే మందు తీసుకున్నవాళ్ళవి తక్కువ నలిగాయి, అంటే వాటిలో వైవిధ్యం ఎక్కువ, దాన్ని పట్టుకుని వార్తాపత్రికలన్నీ ఉన్నత స్థితి ఉన్నత స్థితి అని ఊదరగొట్టేసాయి. పాత టీవీలో చానెల్ రానప్పుడు వచ్చే చుక్కలు అన్నిటికంటే తక్కువ నలుగుతాయి, దాన్ని ఎవరైనా ఉన్నత సినిమా అంటారా?

యోగి పేరా ఖాళీలో ముగ్గులు పెట్టు. 1920ల్లో హైన్రిక్ క్లూవర్ అనే ఆయన మెస్కలిన్ (ఒక రకం కాక్టస్‌లో ఉండే మందు) తీసుకున్నవాళ్ళకి కనపడే ఆకారాల్ని నాలుగు రకాలుగా విడదీసాడు: జల్లెడ గడులు, సాలెగూళ్ళు, సొరంగాలు, సుడులు. 2001లో గణితం వాళ్ళు దానికి ఒక వివరణ కట్టారు. కంటి ముందున్న లోకం మెదడు వెనక భాగంలో ఉన్నదున్నట్టు పరుచుకోదు, వంగి పరుచుకుంటుంది, అందుకని అక్కడ తిన్నటి చారలు లేస్తే మనిషికి సుడీ సొరంగమూ కనిపిస్తాయి. మన వాకిట్లో పుట్టి పెరిగిన పాఠకుడికి ఇది ఎంత బాగా ఎక్కుతుందో చూడు.

ఎల్ఎస్డీ కనిపెట్టిన కెమిస్ట్ హాఫ్‌మన్ సైకిల్ కథ తప్పు రాసావ్. ఆయన బాసెల్‌లోని సాండోజ్ మందుల కంపెనీలో ఎల్ఎస్డీ తయారుచేసింది 1938లో. ఐదేళ్ళు పక్కన పడుంది. 1943 ఏప్రిల్ 16న పొరపాటున కొంచెం ఒంట్లోకి పోయింది, 19న కావాలని 250 మైక్రోగ్రాములు తీసుకున్నాడు, యుద్ధకాలం కాబట్టి కారు లేక సైకిల్ మీద ఇంటికి పోయాడు. నువ్వు సైకిల్ దగ్గర ఆగిపోయావ్, ఆ తర్వాతది చదవలేదేమో. పక్కింటావిడ పాలు తెస్తే మంత్రగత్తెలా కనిపించింది, చచ్చిపోతున్నాననుకుని డాక్టర్ని పిలిపిస్తే ఆయన నాడి చూసి బీపీ చూసి అంతా బానే ఉంది, కంటి పాపలు మాత్రం పెద్దవయ్యాయి అన్నాడు. లోపల తుఫాను, డాక్టరుకి దొరికింది రెండు కంటి పాపలు. నీ వ్యాసం ఇక్కడ మొదలుపెట్టు.

చివర "ఒక్కసారి ట్రై చేస్తే తప్ప అర్థం కాదు" అన్నావే, అది నా కంటికి కూడా కనపడకూడదు. ఈ ప్రయోగాల్లో ఇంట్లో ఎవరికైనా సైకోసిస్ (ఏది నిజమో ఏది భ్రమో తెలీని మానసిక జబ్బు) ఉంటే రానివ్వరు, పక్కన డాక్టర్లుంటారు. ఇక్కడ ఎన్డీపీఎస్ అనే మత్తుమందుల చట్టంలో ఎల్ఎస్డీ 0.1 గ్రాము దాటితే కమర్షియల్ క్వాంటిటీ, 2017లో హైదరాబాద్ డ్రగ్స్ కేసు టీవీల్లో ఎన్నాళ్ళు నడిచిందో నీకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు నువ్వు ఇంటరేమో.

రెండో డ్రాఫ్ట్ ఆదివారానికి పంపు. ఈసారి గూగుల్ డాక్ కాకుండా ప్రింట్ తీసి కొరియర్ చెయ్, నా కళ్ళు స్క్రీన్ తట్టుకోవట్లేదు. ఆ 2012 పేపర్ ఫ్రీగానే దొరుకుతుంది, మొత్తం అర్థం కాకపోయినా ముందు అందులో బొమ్మలు చూడు. రక్త ప్రవాహం బొమ్మలో మెదడు మీద రంగు పడిన చోటల్లా నీలమే, అంటే తగ్గిన చోట్లే.

అక్క