మెట్లెక్కిన నొప్పేనా?

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు. రెండు నెలల కిందట అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్లొచ్చినప్పటి నుంచి కుడి మోకాలి పైన నొప్పి అంటున్నాడు. ఎదిగే వయసు నొప్పులని మాత్రలిచ్చారు. నాటు కట్టు కూడా కట్టించాం. ఇప్పుడు రాత్రిళ్లు లేచి ఏడుస్తున్నాడు. ఎక్స్‌రే తీయించాలా?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: తీయించాలమ్మా, రేపే. మెట్లెక్కిన నొప్పి రెండు నెలలు ఉండదు. ఎదిగే నొప్పులు సాధారణంగా రెండు కాళ్లలోనూ వస్తాయి, పొద్దునకు పోతాయి. ఒకే చోట కూర్చుని నిద్ర చెడగొట్టే నొప్పిని నేను తేలిగ్గా తీసుకోను. ఎముక క్యాన్సర్ అరుదే. కానీ ఆస్టియోసార్కోమా అనే రకం ఎక్కువగా 10–20 ఏళ్ల మధ్య, మోకాలి చుట్టూనే వస్తుంది. పిల్లాడు చూడ్డానికి బాగానే ఉంటాడు, రక్త పరీక్షలూ మామూలుగానే రావచ్చు. అందుకే ఆటలో తగిలిన దెబ్బేలే అనుకుంటాం. నేనూ ఒకసారి అలాగే అనుకున్నాను.

కట్టు విప్పేయండి, నూనె పెట్టి రుద్దకండి. మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల పైన రెండు తొడలకూ టేపు పెట్టి కొలవండి. తేడా ఉంటే డాక్టరుకు చెప్పండి. ఎక్స్‌రేలో అనుమానం వస్తే ఎమ్మారై తీస్తారు. సూదితో ఎముకలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష (బయాప్సీ) మాత్రం ఆపరేషన్ చేయగల క్యాన్సర్ ఆసుపత్రిలోనే చేయించండి. సూది దారి తప్పితే కాలు కాపాడే ఆపరేషన్ కష్టమవుతుంది. మీకు దగ్గర్లో తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో క్యాన్సర్ విభాగం ఉంది. ఎక్స్‌రే ఫిల్ము మర్చిపోకుండా వెంట తీసుకెళ్లండి.