ఆ పోస్టర్‌ని మళ్లీ అతికించకు

అనంతపురం

తల్లీ,

నీ వ్యాసం అందింది. రాత్రి రెండుసార్లు చదివాను. జంతువుల కోసం చేసే ప్రచారాల్లో ఆడవాళ్ల ఒంటిని ఎరగా వాడటం మీద ప్రొద్దుటూరులో ఒక అమ్మాయి కూర్చుని రాస్తోందంటే నాకు నిజంగా సంతోషం. కానీ మొదటి పేజీ దగ్గరే టెన్షన్ పట్టుకుంది. పేజీ నిండా ఆ పోస్టర్ వర్ణనే. ఆమె ఏం వేసుకుంది, ఎలా కూర్చుంది, ఒంటి మీద ఎక్కడెక్కడ ఏం రాశారు అని. కోపంతోనే రాశావు, తెలుస్తూనే ఉంది. అయినా చదివేవాళ్ల కళ్ల ముందు ఆ పోస్టర్‌ని నువ్వే మళ్లీ అతికించావు. పత్రిక వాళ్లు పక్కన ఆ బొమ్మ కూడా వేస్తే ఇక నీ మాట ఎవరికి వినిపిస్తుంది?

నాలుగు వాక్యాలు చాలు. 2010లో జంతువుల హక్కుల కోసం పనిచేసే పెటా సంస్థ నటి పమేలా ఆండర్సన్‌తో ఒక పోస్టర్ చేసింది. మాంసం ముక్కల పటంలో లాగా ఆమె ఒంటి మీద గీతలు గీసి భాగాల పేర్లు రాశారు. జంతువులన్నిటికీ ఉండే భాగాలు ఇవే అని దాని మీద రాత. మాంట్రియల్‌లో ఆవిష్కరించబోతే, ఇది స్త్రీ పురుష సమానత్వానికి విరుద్ధమని నగర అధికారులు అనుమతి ఇవ్వలేదు. అక్కడ ఆపేసి, అది ఎందుకు తప్పో చెప్పు.

ఆ ఎందుకు అన్నది నాకు పుస్తకాల్లో కంటే ముందు సంతలో తెలిసింది. నాకు పద్నాలుగేళ్లప్పుడు, వానలు లేని ఏడాది, గడ్డి కొనలేక మా ఆవును సంతకు తోలుకుపోయాం. నాయనకు జ్వరం, అందుకని అమ్మా నేనూ వెళ్లాం. దళారి వచ్చి ఆవు నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టాడు. తొడ మీద చరిచాడు. అటూ ఇటూ నడిపించి, "నడక చూడండ్రా, పడుచుపిల్ల నడిచినట్టుంది" అన్నాడు. చుట్టూ ఉన్న మగవాళ్లంతా నవ్వారు. తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చుకున్నారు. అమ్మ తల ఎత్తలేదు, పలుపు మాత్రం గట్టిగా పట్టుకుని ఉంది. ఆ మాట ఆవు మీదా, మా ఇద్దరి మీదా కలిపే పడిందని నాకు అప్పుడే అర్థమైంది. డబ్బు చేతిలో పడ్డాక అమ్మ పలుపు విప్పుకుని ఇంటికి తెచ్చింది. చాలా ఏళ్లు అది దూలానికి వేలాడుతూనే ఉంది.

అమెరికా స్త్రీవాది కారల్ ఆడమ్స్ 1990లో 'ది సెక్సువల్ పాలిటిక్స్ ఆఫ్ మీట్' అనే పుస్తకంలో ఈ సంగతే రాసింది. మటన్ అనగానే గొర్రె కనబడకుండా పోతుంది, కిలోలే మిగులుతాయి. ఆడదాన్ని భాగాలుగా చూసినప్పుడూ మనిషి అలాగే మాయమవుతుంది. ఈ రెండు చూపులూ ఒకదాన్నొకటి పోషిస్తాయని ఆమె వాదన. అలాంటప్పుడు గొర్రెను కాపాడతామంటూ మనిషిని ముక్కలుగా చూపించడం దళారి మాటను వాడికే తిరిగి అప్పజెప్పడం కాదా?

నీ రెండో పేజీలో "మన సంస్కృతికి సిగ్గుచేటు" అని మూడు చోట్ల రాశావు. మూడూ కొట్టేయి. ఇది బట్టల గొడవ కాదు. అసభ్య చిత్రణను నిషేధిస్తూ మన దేశంలో 1986 నాటి చట్టం ఒకటి ఉంది, దాని లెక్క వేరు. స్త్రీవాదులు అడిగేది ఆమె ఎంత కప్పుకుందని కాదు, ఆమెను మనిషిగా చూపించారా, సరుకుగానా అని. సంస్కృతి అన్నావంటే, రేపు నీ చున్నీ గురించి మాట్లాడేవాళ్లు నీ వ్యాసాన్నే చేత్తో పట్టుకుని వస్తారు.

అవతలి మాట కూడా నిజాయితీగా రాయి. ఆ ఆడవాళ్లు ఇష్టపడే వచ్చారని, తమ ఒళ్లు తమ ఇష్టమని పెటా వైపు వాళ్లంటారు. అందులో బలం ఉంది, దాటేయకు. పమేలా ఆండర్సన్‌ని ఒక్క మాట కూడా అనకు. నీ ప్రశ్న ఆ పటం గీయించిన ఆలోచనకు.

ఎలాగోలా జనం చూస్తే మంచిదేగా అంటారు. చూస్తారు, సరే, ఆ తర్వాత? ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో ఇలాంటి పెటా ప్రకటనలనే మగ విద్యార్థులకు చూపించారు. సంస్థకు సాయం చేద్దామన్న ఉద్దేశం వాళ్లలో పెరగకపోగా తగ్గింది. బొమ్మలోని స్త్రీని మనిషి కంటే తక్కువగా చూడటమే అందుకు కారణమని తేల్చారు. ఇది తప్పకుండా వాడుకో.

ఇంకొకటి. జంతువుల పక్షం వేరు, ఆడవాళ్ల పక్షం వేరు అన్నట్టు రాశావు. ఫ్రాన్సెస్ పవర్ కాబ్ గురించి చదువు. ప్రాణమున్న జంతువుల్ని కోసి చేసే ప్రయోగాలను ఆపాలని 1875లో ఇంగ్లండ్‌లో సంఘం పెట్టింది. మొగుళ్ల చేతిలో దెబ్బలు తినే భార్యలు విడిగా బతికే వీలు కోసం 1878లో చట్టం రావడానికి కలంతో పోరాడిందీ ఆమే.

చివరి పేజీలో, అడుగున, మీ జేజి గురించి నాలుగు లైన్లు ఉన్నాయి. మేకను అమ్మిన రోజు ఆమె రాత్రి అన్నం ముట్టదని. అంత మాట రాసి వదిలేశావేంటి అమ్మీ? దాన్ని మొదటికి తీసుకురా. ఈ ఆదివారం ఇంటికి వెళ్తావు కదా, ఆమె పక్కన కూర్చుని ఎందుకు తినవని అడుగు. ఏం చెబుతుందో ఆమె మాటల్లోనే రాసుకుని నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ లాంటిదాన్ని