సందేహాలు – సమాధానాలు: ‘ముగ్గురే చనిపోయారు’ అనవచ్చా?

సందేహం: వరదలప్పుడు అధికారుల నోట ‘ముగ్గురే చనిపోయారు’, ‘ముందే హెచ్చరించినా జనం ఖాళీ చేయలేదు’ వంటి మాటలు వింటుంటాం. విన్నవాళ్లకు ఒళ్లు మండుతుంది. వాక్యాల్లో వ్యాకరణ దోషమేమీ కనిపించదు. తప్పెక్కడుంది? ‘ముగ్గురే’ బదులు ‘ముగ్గురు మాత్రమే’ అంటే మర్యాదగా ఉంటుందా?
– ఒక పాఠకుడు, పాయకాపురం, విజయవాడ

సమాధానం: ‘మాత్రమే’ అన్నా అంతే. ‘ముగ్గురే’లో చివరనున్న ‘ఏ’ అవధారణార్థకం, అంటే ‘అది మాత్రమే’ అని నొక్కి చెప్పేది. సంఖ్య మీద చేరితే అది ‘అనుకున్నదానికన్నా తక్కువ’ అనే అర్థాన్నిస్తుంది. అనుకున్నదెవరు? మాట్లాడుతున్న అధికారి. ఎక్కువమంది పోతారని ఆయన లెక్క వేసుకున్నారు, ముగ్గురితో ఆగింది, కాబట్టి ఊరట. శవం ఇంకా ఇంట్లోనే ఉన్నవాళ్ల చెవిన పడేది ఆ ఊరటే. ‘కేవలం ముగ్గురే’ అంటే అదే పని రెండుసార్లు చేసినట్టు. ‘ముగ్గురు చనిపోయారు’ అంటే చాలు. సమాచారంలో ఒక్క అక్షరం లోటు రాదు.

ఆ ‘ఏ’ని వాడకూడదని కాదు, ఎక్కడ పెడుతున్నామో చూసుకోవాలి. ‘ఆ మూడు కుటుంబాలకూ ఈ సాయంత్రమే సాయం అందిస్తాం’ అన్నప్పుడు అదే ‘ఏ’ కాలం మీదకు చేరి, చెప్పినవాళ్లను మాటకు కట్టేస్తుంది. చనిపోయినవారి సంఖ్య మీద వద్దు. మన గడువు మీద పెట్టుకోవచ్చు.

‘హెచ్చరించినా ఖాళీ చేయలేదు’ ఇంకా బరువైన మాట. ‘హెచ్చరించినా’ అప్యర్థకం, అంటే ‘అయినప్పటికీ’ అనే అర్థమిచ్చే రూపం. ఈ రూపం వాడగానే మా పని పూర్తయింది, మిగిలిన తప్పు మీదే అన్న తీర్పు వాక్యంలోనే ఇమిడిపోతుంది. ఆ తీర్పు నిలవాలంటే కొన్ని సంగతులు తేలాలి. మైకు బండి ఆ వీధికి వచ్చిందా? ఏ వేళకు వచ్చింది? ఎక్కడికి వెళ్లమని చెప్పింది? మంచం పట్టిన ముసలివాళ్లను మోసుకెళ్లడానికి ఎవరైనా ఉన్నారా? ఇవేవీ తెలియనప్పుడు అప్యర్థకాన్ని విడగొట్టి రెండు వాక్యాలు చేయాలి: ‘సాయంత్రం మైకులో చెప్పాం. అన్ని వీధులకూ బండి వెళ్లలేకపోయింది.’ దీన్ని తగ్గి మాట్లాడటం అనుకోనక్కర్లేదు. జరిగింది జరిగినట్టు చెప్పడమే.

‘మీరు ముందే ఖాళీ చేసి ఉండాల్సింది’ అన్నదీ నిందే. అందులో ‘మీరు’ తీసి ‘మనం’ పెట్టినా నింద పోదు. తెలుగులో మేము, మనం వేర్వేరుగా ఉండటం గొప్ప సౌకర్యం. విన్నవారిని కలుపుకున్నప్పుడే ‘మనం’. పీకల్లోతు నీళ్లలో ఉన్నవాళ్లతో పొడి నేల మీద నిలబడి ‘మనం ఓపిక పట్టాలి’ అంటే వాళ్లు ఒప్పుకోరు. ‘మేం పడవలు పంపుతున్నాం, మీరు మేడ దిగకండి’ అనాలి.

ఇక ‘జరిగింది’. ‘గేట్లు ఎత్తడం జరిగింది’, ‘ఆహారం పంపిణీ చేయడం జరిగింది’. ఎవరు ఎత్తారు, ఎవరు పంచారు అన్నది ఇలాంటి వాక్యాల్లో మాయమవుతుంది. తెలుగు క్రియలకు మునుగు–ముంచు, తెగు–తెంచు, గండి పడు–గండి కొట్టు అని చక్కని జంటలున్నాయి. తనంతట జరిగినదానికి మొదటిది, ఒకరు చేసినదానికి రెండోది. 2024 సెప్టెంబరు విజయవాడ వరదల్లో బుడమేరు వాగు గట్టుకు గండ్లు ‘పడ్డాయి’. ప్రకాశం బ్యారేజీ గేట్లను మనుషులు ‘ఎత్తారు’. ఈ తేడా చెరిపేస్తే జనం చేయనిదాన్ని కూడా అనుమానిస్తారు.

అప్పుడు బ్యారేజీ వద్ద కృష్ణా ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, దాదాపు 28 లీటర్లు. కానీ సింగ్ నగర్, వాంబే కాలనీ, రాజరాజేశ్వరీపేటలను ముంచింది ప్రధానంగా బుడమేరు. అలాంటి కాలనీలో డాబా మీదున్నవారికి ‘బ్యారేజీ వద్ద వరద తగ్గుముఖం పట్టింది’ అన్న ప్రకటన ఎందుకూ కొరగాదు. వాళ్లకు కావలసినవి తమ వీధి పేరు, మోకాల్లోతా నడుముల్లోతా అన్న కొలత, పాలూ మంచినీళ్లూ వచ్చే వేళ, వచ్చే దారి. ‘కొన్ని లోతట్టు ప్రాంతాలు జలమయమయ్యాయి’ అనే కన్నా ఆ పేటల పేర్లు చదవడం మేలు. తన పేట పేరు వినబడితే మనల్ని మరిచిపోలేదన్న ధైర్యం కలుగుతుంది.

‘మృత్యువాత పడ్డారు’, ‘అసువులు బాశారు’ వద్దు, ‘చనిపోయారు’ చాలు. అన్నం పొట్లం అందుకున్నవారిని ‘లబ్ధిదారులు’ అనడం కూడా మానాలి. ఇల్లు మునిగినవాళ్లకు కలిగిన లబ్ధి ఏమిటి? వాళ్లు ‘బాధితులు’, లేదా పేట పేరుతో ‘పాయకాపురం వాళ్లు’.

నోరు జారాక చెప్పే క్షమాపణలో తప్పు మళ్లీ దొర్లుతుంది. ‘ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే విచారిస్తున్నాను’ అంటారు. ‘ఉంటే’ చేదర్థకం, అంటే షరతు చెప్పే రూపం. నొచ్చుకున్న సంగతి కళ్లెదుట కనిపిస్తుండగా దాన్ని షరతుగా మార్చడం రెండో దెబ్బ. ‘విచారం’ అన్నది కూడా ఇక్కడ చాలదు. జరిగినదానికి ఎవరైనా విచారించవచ్చు. తన మాటకు తాను అడగాల్సింది క్షమాపణ. ‘ముగ్గురే అన్నాను. అలా అనకూడదు. నన్ను క్షమించండి’ అని మూడు ముక్కల్లో చెప్పి ఆపాలి. దాని వెనుక ‘కానీ’ అని మరో వాక్యం మొదలుపెట్టకూడదు.